మన్నులో కూర్చున్న ఫుల్‌స్టాప్

నాకు కోపం ముక్కు మీదే ఉండేది. అరవైల తొలి రోజుల్లో ధర్మవరం నుంచి పెనుకొండ హైస్కూలుకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిన కొత్తలో ఆ కోపమంతా క్రియాపదం మీదికి మళ్లింది. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, హిందూపురం సంతకు పోతే కన్నడం. రెండింటిలోనూ క్రియ చివరికే వచ్చి చేరుతుంది. ఇంగ్లీషులో అది కర్త వెనకే నిలబడాలని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా మరునాటికి మళ్లీ తోకలోనే కనిపించేది. ఇక కామాలు, ఫుల్‌స్టాపుల సంగతి సరేసరి. కొందరు కూరలో ఉప్పు చల్లినట్టు చల్లేవాళ్లు, కొందరు అసలు పెట్టేవాళ్లే కాదు.

ఒకరోజు విసుగెత్తి తొమ్మిదో తరగతినంతా బయటికి తోలాను. పలకల మీద ఒక్కో మాట రాసి ఒక్కొక్కరి చేతికిచ్చాను. వరుసగా నడవాలి, ఎవరి మాట వాళ్లు అరవాలి. కామా అయినవాడు మోకాళ్ల మీద చేతులుంచి వంగితే వరుస కాస్త ఆగి మళ్లీ కదలాలి. చివర ఫుల్‌స్టాప్ నేల మీద చతికిలబడితేనే అందరూ ఆగాలి. కూర్చోనంతసేపూ వాక్యం నడుస్తూనే ఉండాలి, గోడ అడ్డమొచ్చినా సరే.

అది రోజువారీ ఆటైంది, కానీ ఫుల్‌స్టాప్ పని ఎవరికీ ఇష్టం లేదు. బట్టలు మాస్తాయి, పైగా అరవడానికి ఒక మాటైనా ఉండదు. రొద్దం నుంచి వచ్చి చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునే ఒక అమ్మాయి మాత్రం అదే కావాలని అడిగేది. తెలివైన పిల్లే, కానీ ఇంగ్లీషు చదవమంటే నోరు పెగిలేది కాదు. ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఒక్కసారీ తప్పలేదు.

క్వార్టర్లీలో ఆమె ఇంగ్లీషు తప్పింది. వేరుశనగ పీకే రోజులు. ఒక పొద్దున హెడ్మాస్టరు నన్ను పిలిచి, ఆ పిల్ల తండ్రి టీసీ తీసుకోవడానికి ఇవాళ వస్తున్నాడని చెప్పారు. ఇంగ్లీషు రాని పిల్లకు బడి దండగ, చేలో పనికైనా వస్తుందని ఆయన అన్నాడట. నాకు ఒళ్లు మండింది, అంతకన్నా ఎక్కువ బాధేసింది. ఈ ఏడాది గడవనిస్తే ఆమె నోరు విప్పించగలనని నా నమ్మకం. ఆ మాట ఆయనతో ఎట్లా చెప్పాలో తెలియలేదు.

ఆయన వచ్చేసరికి మేం ఆవరణలోనే ఉన్నాం. ‘మై ఫాదర్ గ్రోస్ గ్రౌండ్‌నట్స్’ అని నలుగురు అరుస్తూ నడిచారు. ఆ వాక్యం కావాలనే ఎంచుకున్నానేమో, ఇప్పుడు గుర్తులేదు. వెనక ఆమె దుమ్ములో కూర్చుంది, వరుస ఆగింది. భుజాన టవలున్న ఆ పెద్దమనిషి గేటు దగ్గర్నుంచే గద్దించాడు.

“ఏమప్పా! అందరూ నిలబడుకోనుండారు, మా పాపనొక్కదాన్నే మన్నులో కూర్చోబెట్టినావే! ఏం తప్పు చేసింది?”

నా నోటికి గట్టి జవాబే వచ్చింది. అంతలో అమ్మాయే అందుకుంది.

“తప్పు కాదు నాయనా. నేను కూచుంటేనే వీళ్లు నిలబడేది. కూచోకుంటే పోతానే ఉంటారు.”

“అట్లనా! ఏదీ, లెయ్ చూద్దాం.”

ఆమె లేచింది. నలుగురూ అరుస్తూ కదిలారు. నవ్వాపుకుంటూ పోయి పోయి సైకిళ్ల మధ్యలో దూరారు. “నిలబడండ్రా!” అని ఆయన కేకేశాడు. ఎవరూ వినలేదు, నేనూ ఆపలేదు. అప్పుడామె పరుగెత్తి వెళ్లి వాళ్ల వెనక కూర్చుంది. ఠక్కున ఆగిపోయారు. ఆయన మీసాల కింద నవ్వు కదిలింది.

“ఏంది పాపా వీళ్లు అరుస్తాండేది?”

“మా నాయన చెనిక్కాయలు పండిస్తాడు అని.”

ఆయన నవ్వు ఆగిపోయింది. “నీ నాయన సంగతి ఆ పిల్లోళ్లు చెప్పేదేంది? నువ్వు చెప్పు.”

ఆమె నావైపు చూసింది. లేచి, పావడాకంటిన దుమ్మైనా దులుపుకోకుండా, నాలుగు మాటలూ చెప్పింది. చివరి మాట సగమే వినిపించింది. ఆయనకు ఒక్క ముక్కా అర్థమై ఉండదు. అయినా “ఇంకోతూరి” అన్నాడు. ఈసారి గట్టిగా చెప్పి, అలవాటుగా మళ్లీ కూర్చోబోయింది. ఆయన చెయ్యి పట్టి ఆపాడు.

“అయ్యవారూ,” అన్నాడు నావైపు తిరిగి. ‘ఏమప్పా’ పోయి ‘అయ్యవారు’ వచ్చినందుకు లోలోపల మురిసిపోయాను. “రేపట్నుంచి కూర్చునే పనికి ఇంకెవరినన్నా పెట్టుకో. మా పాపను మాటలు చెప్పేకాడ నిలబెట్టు.”

హెడ్మాస్టరు గదివైపు పోకుండానే ఆయన బస్సుకు వెళ్లిపోయాడు.

మరునాడు ఆమె చేతికి క్రియాపదం పలక ఇచ్చాను. ఫుల్‌స్టాప్‌గా ఉండమంటే ఒక్కరూ ముందుకు రాలేదు. పంచె ఎగ్గట్టి, వరుస వెనకాలే నడిచి, నేనే మన్నులో కూర్చున్నాను.