సామికంటే ముందు తీసిన కుడుములు

బైబిల్లో ఇశ్రాయేలీయులు తాము చేసుకొని మొక్కిన ఆ బంగారు దూడను వదలకుండా, కనాను దేశపు దేవుళ్లందరినీ కలుపుకొని ఉంటే ఎంత బాగుండేది! అప్పుడు చిత్తూరులో మా క్రైస్తవుల ఇంట్లోనూ మామిడి పూతకో దేవత, పరీక్షలకో దేవుడు ఉండేవాళ్లు. పక్కింటి అక్కకు నెలకో పండగ. మాకు ఏడాదికి ఒక్క క్రిస్మస్. చిన్నప్పటినుంచీ ఆ ఇంటిని చూస్తే నాకు కడుపుమంట.

నైవేద్యం పెట్టినవి మేం తినమని అక్కకు తెలుసు. మొన్న వినాయక చవితికి కూడా పొద్దున్నే కుడుముల గిన్నెతో వచ్చింది.

"సామికి పెట్టకముందే నీకు తీసినా. వేడిగా ఉండాయి, తినమ్మా."

తిన్నాను. అంతమంది దేవుళ్లున్న ఇంట్లో మొదటి వడ్డన నాకే. వాళ్లలో ఒక్కరూ రోషపడలేదు. రోషమంతా 'నేను రోషముగల దేవుడను' అని బైబిల్లో చెప్పుకున్న మా దేవుడికీ, నాకూనే.