రంగత్త ముడి

దయ్యాల ఊసెత్తితే నాకు భయం వేయదు, ఒళ్ళు మండుతుంది. కోయంబత్తూరులో ముప్పై ఏళ్ళు నూలు మిల్లులో పనిచేశాను. పత్తి దులిపే గదిలో ఏదో మూలుగుతోందని నన్ను ఎన్నిసార్లు పరుగులు పెట్టించారో లెక్కలేదు. వెళ్ళి చూస్తే బెల్టు వదులై ఉండేది, లేదా బేరింగులో నూనె ఉండేది కాదు. అలాంటి నేను ఇది రాయాల్సి రావడమే చిరాకు. మనవరాలు ప్రాణం తీస్తోంది కాబట్టి రాస్తున్నాను.

మాది కోయంబత్తూరు పక్కనే ఉన్న సింగానల్లూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అమ్మ చిన్నప్పుడే పోతే అన్ననీ నన్నూ మా మేనత్త రంగనాయకమ్మ పెంచింది. రంగత్త అదే మిల్లులో నూలు చిలపలు, అంటే నూలు చుట్టలు, కట్టే పనిచేసేది. ఆమెది ఎడమచేతి వాటం. దారాన్ని రెండు చుట్లు వెనక్కి తిప్పి, కొసను లోపలికి దోపేసేది. ఆ ముడి దానంతట అది ఊడదు. ఇప్పడం తెలియనివాడు గంట కూర్చున్నా రాదు.

మిల్లులో కట్టింది చాలదన్నట్టు ఇంట్లోనూ అదే ముడి. చక్కెర పొట్లానికి, ఊరగాయ జాడీ గుడ్డకు, నా బడి సంచికి. ఆకలి మీద వచ్చి కత్తెర అందుకుంటే చెయ్యి మీద ఒకటి వేసేది. ముడిని ఇప్పాలిగాని కోయకూడదు, కోస్తే చిలప పాడైపోతుంది అనేది. మా ఇంట్లో అది చట్టం. అన్న ఆ ముడి నేర్చుకున్నాడు. నాకు మాత్రం ఎంత తన్నుకున్నా రాలేదు.

కొత్త యంత్రాల పని నేర్చుకోమని మిల్లువాళ్ళు నన్ను ఆరు నెలలకు ఇంగ్లండు పంపారు. తిరుగు ఓడ ఇటలీలోని జెనోవా రేవులో ఎక్కాలి. మధ్యలో పదిహేను రోజులు ఖాళీ. వీపున సంచి వేసుకుని, పడవల్లో, రైళ్ళలో తిరుగుతూ, హాస్టళ్ళలో పడుకుంటూ ఒక్కడినే యూరప్ చూడాలని బయల్దేరే ముందే అనుకున్నాను. అందుకే మిల్లు కాన్వాసుతో ఒక సంచి కుట్టించుకున్నాను. దాని మూతికి నూలు తాడు.

కోయంబత్తూరు స్టేషన్లో రంగత్త ఆ సంచిని చూసింది.

"ఇట్ల వదులుగా కడితే ఎట్లరా కన్నా? సామానంతా కింద పడిపోదా?" అంటూ ప్లాట్‌ఫారం మీదే కూర్చుని మళ్ళీ కట్టింది.

"శుమ్మా ఉండత్తా, అందరూ చూస్తుండారు."

"చూస్తే చూడనీ. నువ్వు ఇల్లు సేరేదాకా ఇది ఊడగూడదు."

రైలు కదిలాక పావుగంట పోరాడి దాన్ని ఇప్పుకున్నాను. ఇంగ్లండులో ఉన్న ఆరు నెలలూ నా మామూలు ముడే వేసుకున్నాను. ఏ గొడవా లేదు.

గొడవ మొదలైంది పడవెక్కిన మర్నాడు. ఇంగ్లండు నుంచి పడవలో బెల్జియం చేరి, రేవు పక్కనే హాస్టల్లో పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే సంచి మూతికి రంగత్త ముడి. పక్క మంచం కుర్రాళ్ళెవరో ఆటపట్టించారనుకున్నాను. మర్నాడూ అదే. మూడో రోజు సంచిని తల కింద పెట్టుకుని పడుకున్నాను. అయినా అదే.

జర్మనీ సరిహద్దులో రైల్లోకి తనిఖీ అధికారి వచ్చి సంచి తెరవమన్నాడు. పది నిమిషాల ముందు నేను వేసింది ఉత్త జారుముడి. ఇప్పుడు అక్కడున్నది అది కాదు. నేను గోళ్ళతో పెనుగులాడుతుంటే అతని అనుమానం పెరిగి నన్ను దించేశాడు. ముడి ఇప్పేసరికి రైలు వెళ్ళిపోయింది. లోపల ఉన్నవి మూడు చొక్కాలు, అడుగంటిన కందిపొడి డబ్బా. ఆ అధికారి డబ్బా వాసన చూసి తుమ్మాడు.

రైన్ నదిలో పడవ మీద పట్టపగలే జరిగింది. సంచి నా ఒళ్ళోనే ఉంది. రొట్టె తీసుకుని, మూతి తెరిచే ఉంచి, గట్టు మీది కోట వైపు రెండు నిమిషాలు చూశాను. తల తిప్పేసరికి కట్టేసి ఉంది. పక్కన ఎవరూ లేరు.

నిద్రలో నేనే కట్టుకుంటున్నానేమో అని కూడా ఆలోచించాను. మెలకువలో చేతకానిది నిద్రలో ఎలా వస్తుంది? అయినా ఆ పడవ మీద నేను నిద్రపోలేదు. అప్పటికీ నాకు భయం కలగలేదు, విసుగు పుట్టింది. ఊళ్ళు చూద్దామని వచ్చి, రోజూ పొద్దున అరగంట ముడి ముందు కూర్చోవడమేమిటి?

చివరి హాస్టల్ స్విట్జర్లాండులోని బాసెల్‌లో. నాలుగు మంచాల గదిలో నేనొక్కడినే. ఆ గురువారం ఎనిమిదింటి రైలు తప్పితే జెనోవాలో ఓడ తప్పుతుంది. పాస్‌పోర్టు, టిక్కెట్లు అన్నీ సంచిలోనే. ఆ రోజు ముడి ఎంతకీ రాలేదు. గోరు విరిగింది. గోడ గడియారంలో ఏడున్నర.

వంటగదికి పోయి రొట్టె కోసే కత్తి తెచ్చి ముడిని కోసేశాను.

"శాలు అత్తా! విడువు! ఇంక నన్ను విడువు!" అని గట్టిగా అరిచాను.

ఆమె అక్కడుందని నమ్మి అరవలేదు. ముడి ఆమెది కాబట్టి కోపం ఆమె మీదికి పోయింది. ఆరు నెలల్లో నా నోట బయటికొచ్చిన మొదటి తెలుగు మాటలు అవే.

ఆ తర్వాత ముడి పడలేదు. తాడు ముక్కలు కలిపి నేనెలా కడితే అలాగే ఉండేది. ఓడలో వచ్చినన్నాళ్ళూ హాయిగా నిద్రపోయాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కోయంబత్తూరు స్టేషన్‌కు అన్న గుండుతో వచ్చాడు. చూడగానే రంగత్త పోయిందని అర్థమైంది. పక్షవాతం వచ్చిందని ఇంగ్లండుకు రాసిన ఉత్తరం నేను బయల్దేరాక చేరిందట. ఆమెకు పక్షవాతం వచ్చిన రోజు ఏదని అడిగి, పాస్‌పోర్టు తెరిచి బెల్జియం ముద్ర చూసుకున్నాను. అదే తేదీ.

దగ్గరుండి చూసుకున్నది వదిన.

"కుడిపక్క పడిపోయింది, మాట లేదు. ఎడమచెయ్యి మాత్రం నిలవదు. దుప్పటి అంచు కట్టేది, నేను ఇప్పేది, మళ్ళా కట్టేది. పొద్దస్తమానం ఇదే పని నాకు. ఒకోసారి విసుగొచ్చి కసిరేస్తిని కూడా," అని ఏడ్చింది.

"ఎప్పుడు నిలిచింది?"

"గురువారం. మిల్లులో పన్నెండు గంటల సంగు ఊదతా ఉండాది. చెయ్యి అట్లే నిలిచిపోయింది. సాయంకాలం పోయింది."

మిల్లు సైరన్ను మా ఊళ్ళో సంగు అంటారు. బాసెల్‌లో ఏడున్నర అయితే మాకు పన్నెండు. ఎన్నిసార్లు లెక్క వేసినా అంతే వస్తుంది.

వదిన ఆ దుప్పటి దాచింది. చివరి ముడిని ఇప్పలేదు. అది సగం ముడి. ఒక చుట్టు తిరిగి ఉంది, రెండో చుట్టు లేదు.

వదిన తాను కసిరినందుకు ఏడ్చింది. నేను ఏమన్నానో ఆమెకు ఈ రోజుకూ చెప్పలేదు. నా అరుపుకూ ఆ చేతికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. బెల్టు, బేరింగు లాంటి కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఇన్నేళ్ళూ వెతికాను. దొరకలేదు.

ఇప్పటికీ ఏ ఊరు వెళ్ళినా సంచి మూతి వదులుగానే కట్టి పడుకుంటాను. పొద్దున్నే లేచి మొదట దాన్నే చూస్తాను. వదులుగానే ఉంటుంది.