పెనుకొండలో పడవ మోటారుకు నేనిచ్చిన సర్టిఫికెట్

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, నడివేసవిలో, మా శాఖ నన్ను పెనుకొండ వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌గా వేసింది. ఫోర్‌మన్ అంటే మెకానిక్కులకు పైన, అసిస్టెంట్ ఇంజనీరుకు కింద. చేతిపని మరచిపోయి కాగితం పని నేర్చుకునే మెట్టు అది. ఛార్జి తీసుకున్న రోజు నాకు అప్పగించిన వస్తువుల పట్టీలో మూడు జీపులు, రెండు నీళ్ల ట్యాంకర్లు, ఒక పడవ ఉన్నాయి. పడవ పొరపాటున ఎక్కిందేమో అనుకున్నాను. కాదు, నిజంగానే షెడ్డులో ఉంది. స్టోర్ కీపరు అందులో పాత టైర్లు పేర్చుకున్నాడు.

వరద సహాయానికని ఎప్పుడో పైనుంచి పంపిన పడవ అది. ఏటా దానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాయాలి. ఫారంలో ‘నీటిలో అరగంట నడిపి చూడవలెను’ అని ఒక గడి ఉంది. నాకు ముందున్నవారంతా అక్కడ ఒకే వాక్యం రాస్తూ వచ్చారు: ‘నీటి ఎద్దడి వలన పరీక్ష మినహాయించడమైనది.’ మా వైపు నీళ్లు లేవంటే ఆడిటరు కూడా రుజువు అడగడు.

ఆ ఏడు మాత్రం, తనిఖీకి వస్తున్న పై అధికారి మోటారు శబ్దం వినాలనుకుంటున్నారని కబురొచ్చింది. అది పడవ వెనక చెక్కకు బిగించే పాతకాలపు మోటారు. రెండు సిలిండర్లు, బ్యాటరీ లేదు. తాడు లాగితే పైనున్న ఫ్లైవీల్ తిరుగుతుంది, దాని లోపలి అయస్కాంతాలు కింద ఉన్న రెండు కాయిళ్ల మీదుగా పోతాయి, అక్కడ పుట్టిన కరెంటు ప్లగ్గులో నిప్పురవ్వ అవుతుంది. దీన్ని మాగ్నెటో అంటారు. మా మెకానిక్కుల్లో దాన్ని విప్పినవాడు ఒక్కడూ లేడు. అందుకని హిందూపురం నుంచి ఖాజా హుస్సేన్‌ను పిలిపించాను.

ఖాజా వాళ్ల నాయన కాలం నుంచి కిరోసిన్ పంపు ఇంజన్ల మాగ్నెటోలు బాగుచేసే ఇల్లు వాళ్లది. మా శాఖ ఆమోదించిన బయటి మెకానిక్కుల పట్టీలో అతని పేరుండేది. ఆ పేరే అతనికి బజార్లో పరపతి. దాన్ని నేను పోగొట్టాను. ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆ సంగతి చెప్పడానికే.

ఫ్లైవీల్ ఊడదీయడానికి నేను సుత్తి అందిస్తే ఖాజా నవ్వాడు. “ఫోర్‌మన్ సార్ సుత్తి ఇచ్చినాడని నేను బజార్లో చెప్పనులే” అని, సంచిలోంచి చక్రాన్ని పట్టి పైకి లాగే పుల్లర్ తీసి బిగించాడు. సుత్తితో కొడితే షాఫ్టు వంగుతుంది, అయస్కాంతం బలహీనపడుతుంది. నాకూ ఒకప్పుడు తెలిసిన విషయమే. అతను కరెంటును తెంపే పాయింట్ల చిలుము తీసి, గేజితో సందు కొలిచి, కండెన్సర్లు మార్చాడు. చచ్చిపోయిన కాయిల్‌కు కొత్తగా తీగ చుట్టాడు. రెండోది రవ్వ ఇస్తోంది గనక పాతదే ఉంచాడు. తాడు లాగి చూశాం. రెండు ప్లగ్గుల్లోనూ నీలంగా, దిట్టంగా వచ్చింది. నేను కలం తీశాను.

“ఉండండి సార్” అన్నాడు ఖాజా. “ఈ పాత కాయిల్ పైపూత పగుళ్లిచ్చింది. సల్లగా ఉన్నప్పుడు అన్నీ మంచివే. వేడెక్కితేనే దాని గుణం తెలుస్తాది. ఒక డ్రమ్ము నీళ్లియ్యండి, మోటారు కాలు అందులో ముంచి అరగంట తిప్పుదాం.”

నీళ్లు లేకుండా ఆ మోటారును తిప్పకూడదు. చల్లబరిచే పంపులోని రబ్బరు చక్రం కాలిపోతుంది. కాబట్టి డ్రమ్ము తప్పదు. ట్యాంకరు మా క్వార్టర్లకు వారానికి రెండుసార్లు వచ్చేది. నీళ్లు యాడ తెచ్చేదప్పా అని విసుక్కున్నాను. అతను, “అట్లయితే వేడి పరీక్ష చేయలేదని ఆ మాటైనా రాయండి సార్” అన్నాడు. రాయలేదు. ‘కాయిళ్లు రెండూ పరీక్షించి సంతృప్తికరమని గుర్తించడమైనది’ అని రాసి సంతకం పెట్టాను. అదే సాయంత్రం ట్యాంకరు వచ్చింది. నా క్వార్టరు ముందు మల్లెపందిరికి ఒక డ్రమ్ముకు తక్కువ కాకుండా నీళ్లు పట్టాను.

తనిఖీ రోజు తాడు లాగాం, మోటారు బర్రుమంది, వెంటనే ఆపేశాం. పై అధికారి చప్పట్లు కొట్టారు. 

వానాకాలంలో, ఎవరూ నమ్మని విధంగా, చిత్రావతి పొంగింది. పడవను లారీ మీద ధర్మవరం చేర్చాం. అక్కడ ఏటి నడుమ తోటలో ఒక ముసలమ్మ, ఆమె కొడుకు పంపు కొట్టం పైకెక్కి కూర్చున్నారు. పడవ నడిపేది మా జీపు డ్రైవరు ఆంజనప్ప. ఆ రోజు అక్కడున్న మావాళ్లలో డ్రైవరన్న పోస్టు ఉన్నది ఆయన ఒక్కడికే. ఆయనకు ఈత రాదు. ఫారంలో ఆ గడి లేదు. నేను గట్టు మీద నిలబడ్డాను.

పోయేటప్పుడు మోటారు బాగానే నడిచింది. ఇద్దరినీ ఎక్కించుకుని తిరిగి వస్తుండగా శబ్దం మారింది. వేడెక్కిన పాత కాయిల్ ఆగిపోయింది. ఒక్క సిలిండరుతో ప్రవాహానికి ఎదురు నిలవలేక పడవ కిందికి జారసాగింది. అవ్వ గొంతు మాకు గట్టు దాకా వినపడింది.

“ఏమప్పా, యాడికి పోతాండావు? మా ఊరు ఆపక్క ఉండాది.”

“నేను పోవడంలేదవ్వా, అదే తీసుకపోతాంది” అని ఆంజనప్ప అరిచాడు.

పడవ తుమ్మచెట్లలో ఇరుక్కుంది. ఊరివాళ్లు మోకులు వేసి లాగేసరికి మూడు గంటలు పట్టింది. ప్రాణాలు దక్కాయి. ఆంజనప్ప ఒళ్లంతా ముళ్లు దిగాయి.

విచారణ కమిటీ వేశారు. కమిటీలో మాగ్నెటో చూసినవారు లేరు గనక నివేదిక ముసాయిదా నన్నే రాయమన్నారు. తప్పు చేసినవాణ్ణే తప్పు కనిపెట్టమనడం మా శాఖలో వింతేమీ కాదు. ‘ప్రైవేటు మెకానిక్కు పాత కాయిల్ ఇన్సులేషన్ లోపాన్ని గుర్తించడంలో విఫలుడైనాడు’ అని రాశాను. పట్టీలోంచి ఖాజా పేరు కొట్టేశారు. ఆ నెలలోనే అతని దుకాణానికి వచ్చే రైతులు తగ్గారని విన్నాను. మునిగిపోయే పడవ చేసినోడని బజార్లో పేరు పడింది.

ఆర్నెల్ల తర్వాత హిందూపురం పోయి, ఆ నివేదిక రాసింది నేనేనని అతనికి చెప్పాను.

“తెలుసు సార్” అన్నాడు, చేతిలో పని ఆపకుండా. “కమిటీవాళ్లకు కాయిలంటే ఏందో తెల్దు. అంత వివరంగా తప్పు పట్టల్లంటే మీరే పట్టల్ల.”

క్షమించమన్నాను. “ఆ మాట ఈడ చెప్తే ఏమొస్తాది? యాడ రాసినారో ఆడనే రాయండి” అన్నాడు.

వెంటనే రాశానని చెప్పుకోలేను. పెన్షన్ ఉత్తర్వు చేతికి వచ్చేదాకా రెండేళ్లకు పైగా ఆగాను. అప్పుడు జరిగింది జరిగినట్టు, మల్లెపందిరితో సహా రాసి పంపాను. విరమణ పొందినవారి వివరణ స్వీకరించే నిబంధన లేదని జవాబొచ్చింది. మళ్లీ రాశాను. మల్లెపందిరికీ మోటారుకూ సంబంధం వివరించమని అడిగారు. మూడో ఉత్తరానికి నివేదిక సవరించి, అతని పేరు తిరిగి పట్టీలో చేర్చారు. ఆ ఉత్తర్వు నకలు నేనే తీసుకుపోయి ఇచ్చాను. అతను రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“పేరు పట్టీలో ఉండనీ సార్. పనికి మాత్రం పిలవొద్దని చెప్పండి.”

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి ఉపయోగపడుతుందని చెబుతున్నాను. చల్లగా ఉన్న మోటారులో కనిపించిన రవ్వ దేనికీ రుజువు కాదు. చేయని పరీక్షను చేయలేదని రాయడం కూడా పరీక్షలో భాగమే. ఇక ఫిట్‌నెస్ మీద సంతకం పెట్టినవాడు మొదటి ప్రయాణంలో పడవలో ఉండాలి. ఆ రోజు నేను గట్టు మీద ఉన్నాను.