జ్వరం చార్టు మీద షేరు ధర

ఒమన్‌లోని నిజ్వా ఆస్పత్రిలో మేమిద్దరమే తెలుగు నర్సులం. ఒకే రూమ్. ఆమె నాకంటే పదేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. కూతురు పదో తరగతికి వచ్చేలోగా ఇంటికి వెళ్లిపోవాలన్నది ఆమె ఆశ. తొంభైల మొదట్లో జనం షేర్ల మీద ఎగబడుతున్నప్పుడు, నా మాట నమ్మి తను దాచుకున్నదంతా నేను కొన్న కంపెనీ షేర్లలోనే పెట్టింది. అమ్మకం కాగితాల మీద ఇద్దరం ముందే సంతకాలు చేసి గుంటూరులో మా తమ్ముడి దగ్గర ఉంచాం.

కొన్నాళ్లకే ధర పడటం మొదలైంది. మస్కట్ నుంచి బస్సులో మాకు పేపరు అందేసరికి అది మూడు రోజుల పాతది. అయినా వార్డులో వాడే జ్వరం చార్టు ఒకటి తెచ్చి, దాని మీద ధరకు చుక్కలు పెట్టి గీత కలిపేదాన్ని. మేం కొన్న ధర దగ్గర ఎర్రగీత గీసి, ఇది నార్మల్ అన్నాను. నర్సు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఎంత జ్వరమైనా చివరికి నార్మల్‌కి రావాల్సిందే అనుకున్నాను. షేరుకి అలాంటి నియమం ఏదీ లేదని నాకు తట్టనే లేదు.

అక్కకి భయంతో అన్నం సయించేది కాదు. అమ్మేద్దామా అని రోజూ అడిగేది. నేను చార్టు చూపించి, అన్నీ తెలిసినదానిలా ఆగమనేదాన్ని.

"సరే, ప్రార్థన చేసుకుని నువ్వే చెప్పు. నువ్వేం చేస్తే నేనూ అదే," అంది.

ఒక శుక్రవారం సూక్ బజారు దగ్గర ఫోన్ బూత్‌కి వెళ్లాం. నేను లోపలికెళ్లాను, అక్క బయట నిలబడింది. ధర ఇంకా పడేలా ఉందని తమ్ముడు చెప్పగానే నా ధైర్యం నీరుగారిపోయింది. నావి అమ్మేయమన్నాను. మరి ఆవిడవి అని అడిగాడు. అద్దానికి అవతల, ఎండలో, కొంగు నెత్తిన కప్పుకుని అక్క నావైపే చూస్తోంది. ఇన్నాళ్లూ ఆగమని ఊదరగొట్టి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను? అడిగి చెబుతానని పెట్టేశాను.

"ఏమన్నాడే?"

"ఆగమన్నాడక్కా."

ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే ధర దిగిపోయింది. చివరికి కొనేవాళ్లే లేకుండా పోయారు. మరో రెండేళ్ల కాంట్రాక్టు మీద అక్క సంతకం పెడుతుంటే ఇక ఉండబట్టలేక నిజం చెప్పేశాను.

ఆమె సంతకం పూర్తి చేసి పెన్నుకి మూత పెట్టింది.

"ఆ రోజు నేను బయటే నిలబడ్డాను కదమ్మా," అంది.

తర్వాత వాచీ చూసుకుని డ్యూటీకి వెళ్లిపోయింది.