పాలపిట్టకి దణ్ణం

చింతపల్లిలో మా అప్ప ఇల్లు చూస్తే నాకు ఒళ్లు మండేది. అక్కని మా వైపు అప్ప అంటాం. బావ కాఫీ గింజల వ్యాపారం చేసి చేసి పోయాడు గానీ ఆయన సామాను మాత్రం పోలేదు. అప్ప గది గుమ్మం దాటి హాల్లోకి రాగానే ఇనప పెట్టె, దాని పక్కన గోనెసంచుల కట్ట, ఆ తరవాత కాఫీ పళ్ల తొక్క తీసే పాత చేతి మిషను, చెయ్యి విరిగిన కుర్చీ, వంటింటి గుమ్మం దగ్గర మిరియాలు పోసుకునే ఖాళీ డ్రమ్ము. రిటైరయ్యాక నర్సీపట్నం ఇల్లు అద్దెకిచ్చి నేనిక్కడికి వచ్చేసినప్పటి నుంచీ ఆ పెట్టె మూలకి నా కాలి చిటికెనవేలు తగలని వారం లేదు. అప్పకి మాత్రం ఒక్కసారీ తగిలేది కాదు. పెట్టె మీద ఓ చెయ్యి, సంచుల మీద ఓ చెయ్యి, కుర్చీ వీపు మీద ఓ చెయ్యి వేసుకుంటూ, ఆస్తి చూసుకుంటున్న జమీందారిణిలా వంటింట్లోకి వెళ్లేది. ఆ మాట అంటే నవ్వి ఊరుకునేది.

పొద్దున్నే టీ తాగి ఇద్దరం నడకకి బయల్దేరేవాళ్లం. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నుంచి కాఫీ తోటల అంచు దాకా వెళ్లి తిరిగి వచ్చేవాళ్లం. పిట్టల పిచ్చి అప్పది, నాకు తన వల్ల అంటుకుంది. నా మెడలో బైనాక్యులర్, తన మెడలో మఫ్లరు. అయినా ముందు పేరు చెప్పేది తనే. అదిగో కొండగోరింక అనేది, అల్లదిగో కంసాలి పిట్ట అనేది. నేను కొమ్మ కొమ్మా వెతుక్కుని అది దొరికేసరికి తను ఇంకో పిట్ట దగ్గరికి వెళ్లిపోయేది. ఈ వయసులో ఇంత చూపేమిటని నాకు కొంచెం కుళ్లుగా కూడా ఉండేది.

పాలపిట్ట విషయంలో మాత్రం అప్పకి చాదస్తం. అందరూ దసరానాడు ఒకసారి కనబడితే చాలనుకుంటారు. అప్ప ఏడాది పొడుగునా ఎప్పుడు కనబడ్డా చెప్పులు విడిచి దణ్ణం పెట్టేది. బురద అని చూసేది కాదు, వెనకాల జీపు హారన్ కొడుతున్నా లెక్క లేదు. ఈ చలికాలం మొదట్లో ఒకరోజు రోడ్డు మలుపులో కరెంటు తీగ మీద పాలపిట్ట కదలకుండా, కూయకుండా కూచుని ఉంది. అప్ప దాని కింద నుంచే నడిచి వెళ్లిపోయింది. పాలపిట్ట మీద అలిగావా ఏమిటని వేళాకోళం ఆడాను. ఠక్కున ఆగి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది. మోకాళ్ల నొప్పి ధ్యాసలో తల ఎత్తలేదంది. నేను నమ్మేశాను.

ఆ తరవాతే నాకు ఇల్లు సర్దే పిచ్చి పట్టింది. ఫోన్లో ఎవరో ఒకావిడ వీడియోలు చేస్తుంది. ప్రతి వస్తువునీ చేత్తో ముట్టుకుని, ఇది నాకు కావాలా అని మనసుని అడగాలట. నేను అప్పని వెంటబెట్టుకుని ఒక్కొక్కటీ ముట్టించాను. పెట్టె మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉంచింది. బావ గుర్తొచ్చాడు కాబోలని నేనూ మెత్తబడి, పోనీ ఉంచేద్దామా అన్నాను. వద్దు, తీసేయమంది. కుర్చీకీ అదే మాట, డ్రమ్ముకీ అదే మాట. అంత మొండి మనిషి అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకు గెలుపులాగే తోచింది. ఇనప సామానంతా పాతసామాన్ల ఆటో ఎక్కి ఘాట్ దిగిపోయింది. సంచులూ కుర్చీ కాఫీ పళ్లు కోసే ఆవిడ పట్టుకెళ్లింది. హాలు కడిగి అద్దంలా తుడిచి, ఇన్నాళ్లకి ఇల్లు ఇల్లులా ఉందని మురిసిపోయాను.

మర్నాడు పొద్దున్న నేను వంటింట్లో పాలు కాస్తున్నాను. అప్ప తన గదిలోంచి బయటికొచ్చింది. అలవాటుగా పెట్టె ఉండే చోటికి చెయ్యి దించింది. చెయ్యి ఇంకా కిందికి వెళ్లింది, పక్కకి వెళ్లింది, గాల్లో ఆగిపోయింది. ఒక అడుగు వేసి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఏం కావాలని అడిగాను. ఏం లేదంది. చలికాలంలో చాప లేకుండా నేల మీద కూచోని మనిషి, ఆ నున్నటి గచ్చు మీద ఎక్కడిదక్కడ కూలబడిపోయింది.

నేను వెళ్లి ఎదురుగా కూచున్నాను. తన కళ్లు నా చెవి పక్కగా ఎక్కడో చూస్తున్నాయి. నాకు భయం వేసింది. తన మొహం ముందు చెయ్యి అటూ ఇటూ ఆడించాను.

"సెయ్యి ఊపకు," అంది అప్ప. "గాలి తగుల్తంది."

పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నేను లేవలేకపోయాను. ఎప్పటి నుంచని అడిగాను. మసకలు ఎప్పటి నుంచో ఉన్నాయట, మంచు వల్ల అనుకుందట. వానలు వెళ్లేసరికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ మిగల్లేదట. అంటే వానలు వెళ్లాక మా నడకల్లో తను చూసిన పిట్ట ఒక్కటీ లేదు. కూసిన వాటి పేర్లే చెప్పింది. కూయని పాలపిట్ట కింద నుంచి నడిచి వెళ్లిపోయింది.

"మరి ఆ పెట్టె ఉంచమని ఎందుకు సెప్పనేదప్పా?"

"ఉంచమంటే ఎందుకని అడగవా? తెలిస్తే నన్ను కిందకి, నర్సీపట్నం అట్టుకుపోతావు. అక్కడ ఏ గోడ ఎక్కడుందో నాకేటి తెలుసు?"

విశాఖ తీసుకెళ్లి చూపించాను. నీటికాసులన్నారు, గ్లాకోమా అట. పోయిన చూపు రాదు, మిగిలిన ఆ కాస్త వెలుగుకే చుక్కలమందు. కుర్చీ అడిగి వెనక్కి తెచ్చుకున్నాను. పెట్టె ఎక్కడా దొరకలేదు. దాని చోట ప్లాస్టిక్ స్టూలు పెడితే అప్ప చెయ్యి తగలగానే అది జరిగిపోయేది, తను తూలేది. ఒకసారి పడింది కూడా. అప్పటి నుంచీ గోడ పట్టుకుని నడుస్తోంది, అదీ అవసరమైతేనే. లేకపోతే మంచం మీదే కూచుంటుంది. తన ఇంట్లోనే తను చుట్టంలా అయిపోయింది. నా చేతులు విరిచేసుకోవాలనిపిస్తుంది.

నిన్న బతిమాలి నడకకి తీసుకెళ్లాను. నా మోచెయ్యి పట్టుకుని నడిచింది. పికిలిపిట్ట అంది, అడవికోడి అంది, నేను ఊ కొట్టాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి అదే తీగ మీద పాలపిట్ట, అలాగే కదలకుండా. చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించి చెప్పాను.

అప్ప ఆగింది. చెప్పులు విడిచింది. చేతులు సగం లేపి, మొహం అటూ ఇటూ తిప్పి, చిన్నగా అడిగింది.

"ఎటేపే?"

ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. భుజాలు పట్టుకుని తీగ వైపు తిప్పాను. ఈలోపే పిట్ట లేచింది, నీలం రెక్కలు విప్పి లోయలోకి దిగిపోయింది. అప్పకి తెలియలేదు. చేతులు జోడించి, పెదవులు కదుపుతూ అలాగే నిలబడింది. నేనూ చెప్పులు విడిచి, ఆ వట్టి తీగకే దణ్ణం పెట్టాను.