కాశీరావు మాస్టారి తాడు

కాశీరావు మాస్టారు నోటితో చెప్పిన జవాబును నమ్మరు. మీరు బాగున్నారో లేదో ఆయనకు తెలియాలంటే, మీదేదో ఒకటి పట్టుకుని రెండుసార్లు లాగుతారు. మీరు తిరిగి రెండుసార్లు లాగాలి. అప్పుడే మీరు క్షేమం.

ఆయన పని అలాంటిది. కృష్ణా పుష్కరాలకు ముందు, నీళ్ళలో మునిగిపోయేవాళ్ళను కాపాడటానికి విజయవాడలో ఒక ఈతగాళ్ళ సంఘం మాకు స్కూబా డైవింగ్ నేర్పించింది. వీపున సిలిండరు, నోట్లో గాలి గొట్టం. బ్యారేజీ ఎగువన నీళ్ళు టీ రంగులో ఉండేవి. లోపల మన చెయ్యి మనకే కనపడదు. అందుకని మాస్టారు మా నడుముకు తాడు కట్టి, రెండో కొస పట్టుకుని పడవలో కూర్చునేవారు. రెండు లాగితే 'బాగున్నావా' అని. మేం రెండు లాగితే 'బాగున్నాను' అని. వరసపెట్టి లాగితే 'పైకి తియ్యండి' అని.

చిక్కల్లా, ఒడ్డుకొచ్చాక కూడా ఆయన అదే పద్ధతి పాటించడం. సంఘం కార్యదర్శి రామకోటేశ్వరరావు గారైతే మాస్టారు దూరంగా కనపడగానే తన కండువా తనే రెండుసార్లు లాక్కుని ముందుకు సాగిపోయేవారు.

ఒకసారి హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగింది. మాస్టారి తల మీద గంట తాడు వేలాడుతోంది. డ్రైవరు ఎలా ఉన్నాడో అనిపించి రెండుసార్లు లాగారు. బస్సు బయల్దేరిపోయింది. టీ తాగుతున్న కండక్టరు ఆటో ఎక్కి వచ్చి నిలదీస్తే, "డ్రైవరు గారు కులాసాగానే ఉన్నారండి, కనుక్కున్నాను" అని ఆయన్ని ఊరడించారు.

ఇంట్లో ఆయన భార్య పేరమ్మ గారికి ఈ బెడద మరీ ఎక్కువ. "పెళ్ళయ్యాక ఈయన నన్ను ఎలా ఉన్నావని నోరు తెరిచి అడగలేదయ్యా. కొంగు చిరిగిపోతంది" అని మా దగ్గర వాపోయేవారు. అలా అంటూనే, మాస్టారు పట్టుకున్న కొంగును వంటింట్లోంచి తిరిగి రెండుసార్లు లాగేవారు.

నేను మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ణి. మా ఇంట్లో నీళ్ళంటే నూలు తడిపే తొట్టి, అంతే. అయినా డైవర్నని వీధంతా చాటుకున్నాను. పరీక్షేమో నది అడుగున పెట్టిన ఇత్తడి చెంబు వెతికి తేవడం. తాడుతో పైకి తీయించుకున్నవాడికి పుష్కరాల జట్టులో చోటు లేదు.

దిగాను. కాళ్ళు బురదలో ఆనాయి. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి. నా రెండు చేతులూ గాలి గొట్టాన్ని పట్టుకుని బిగుసుకుపోయాయి. తాడు రెండుసార్లు కదిలింది. నా చేతులు రాలేదు. మళ్ళీ కదిలింది. నా పని అయిపోయిందనుకున్నాను.

పైన బుడగలు వస్తూనే ఉన్నాయి కాబట్టి నాకు ఊపిరాడుతోందని మాస్టారికి తెలుసు. రానిది జవాబే. తాడు పడవలో ఉన్న ఇంకో శిక్షకుడు చిట్టిబాబు మాస్టారి చేతికిచ్చి, సిలిండరు తగిలించుకుని, ఆ తాడు వెంబడే దిగారు. నా చిటికెన వేలు పట్టుకుని రెండుసార్లు లాగి ఊరుకున్నారు. పైకి తియ్యలేదు. కాసేపు ఆగి మళ్ళీ లాగారు. చాలాసేపటికి నా వేలు కదిలింది. ఆయన వేలు రెండుసార్లు లాగాను. ఆయన వెళ్ళిపోయారు. చెంబు నేనే వెతుక్కున్నాను.

ఒడ్డున కార్యదర్శి గారు మాస్టారిని ఎందుకు దిగారని అడిగారు.

"కళ్ళజోడు పడిపోయిందండి."

"మీకు కళ్ళజోడు లేదుగా?"

"అందుకే దొరకలేదండి."

కార్యదర్శి గారు చెంబు వంక చూసి, నా వంక చూసి, నా పేరు జట్టులో రాసుకున్నారు.

అందరూ వెళ్ళాక మాస్టారు ఘాటు మెట్ల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నారు. బాగున్నానని అందరం అనేస్తాం, విన్నవాడు వెళ్ళిపోతాడు. జవాబు వచ్చేదాకా ఆగే మనిషి నాకు ఈయనొక్కడే తగిలాడు. ఈయన్ని ఎవరడుగుతారు? పక్కన కూర్చుని తువ్వాలు అంచు రెండుసార్లు లాగాను.

మాస్టారు నది వైపే చూస్తూ రెండుసార్లు లాగారు. అంతలోనే వరసపెట్టి లాగడం మొదలుపెట్టారు. నేను కంగారుపడి లేచాను.

"మోకాళ్ళు పట్టేశాయి దేవేంద్రా, పైకి తియ్యి" అన్నారు.