ఒట్టిపోయిన గేదె, తప్పిన పేపరు

“రెండేళ్లుగా ఒట్టిపోయిన గేదెకి తవుడూ తెలగపిండీ ఎందుకు నాయనమ్మా? అమ్మెయ్.”

“రెండేళ్లు మేపా. ఇప్పుడమ్మితే అదంతా మున్నేటి నీళ్ళలో పోసినట్టేగా!”

“పోసేశావు, అయిపోయింది. పోయిన ఖర్చు లెక్కలోకి తేకూడదు. సంక్ కాస్ట్ అంటారు దాన్ని. ఇకముందు ఏమొస్తుందో అదే చూడాలి.”

“ఆహా! ఆ పుస్తకం చదివేగా పేపరు తప్పావు? మరి నీమీద పెట్టిందీ పోయినట్టే. నిన్నూ మాన్పించేస్తా. రేపట్నించి పత్తితీతకి పో.”

నా మనవరాలు చేతిలో ఉన్న చొప్పకట్ట నేలమీద పడేసింది. ఎనభైల మొదట్లో సంగతి ఇది. మా ఊరు జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య. పిల్ల ఎమ్మే ఎకనామిక్స్‌కి యూనివర్సిటీలో చేరి, మైక్రో పేపరు తప్పి ఇంటికొచ్చింది. మళ్ళీ రాయాలంటే ఫీజు కట్టాలి. మా అబ్బాయి “అమ్మ ఎలా అంటే అలా” అని పొలానికి వెళ్ళిపోయాడు.

నేను చదివింది మూడో తరగతి. అయినా అది వరండాలో పైకి చదువుతుంటే ఆ పాఠాలు విన్నాను. అందులో మనిషి కొనేవి రెండే వస్తువులు, యాపిల్స్, నారింజలు. ఉప్పు అక్కర్లేదు, కిరసనాయిలు అక్కర్లేదు. రెండు యాపిల్స్ తగ్గించి మూడు నారింజలిచ్చినా అతగాడికి ఒకటేనట. దానికో వంకర గీత. నలభై ఏళ్లు జగ్గయ్యపేట సంతకి వెళ్ళాను, ఏదిచ్చినా ఒకటే అన్నవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు. ఉంటే పుచ్చు వంకాయలన్నీ వాడికే అంటగట్టేవారు. ఇక, మొదటి గ్లాసు ఇచ్చిన తృప్తి నాలుగో గ్లాసు ఇవ్వదట! కూలివాళ్ళకి మజ్జిగ పోసిన ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. దీనికి హాస్టలూ, లైబ్రరీనా!

“నన్ను మాన్పిస్తే పెట్టింది తిరిగొస్తుందా?” అంది.

“రాదు.”

“గేదెని మేపితే?”

“రాదు.”

“అది ఇంక చూడికట్టదని పశువుల డాక్టరు చెప్పాడు. నేను పాసైతే లెక్చరర్ పోస్టు రావచ్చు.”

“పాసైతే!”

“ఆఁ, పాసైతేనే.”

 దాని లెక్క సరిగ్గానే ఉన్నందుకు నాకు ఒళ్ళు మండింది. ఇంత చిన్న సంగతికి అంత లావు పుస్తకమా, అదీ ఒకసారి తప్పితేగానీ బుర్రకెక్కలేదా అని తిట్టి, పశువుల బేరగాడికి కబురు పెట్టాను.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. పశువునమ్మితే పలుపుతాడు ఇవ్వం మేము. ఇస్తే ఇంట్లో పాడి పోతుందంటారు. గేదె మెడలోంచి పలుపు విప్పుకున్నాను. అతను తన తాడు కట్టి తోలుకుపోయాడు. ఫీజు డబ్బు మనవరాలి చేతిలో పెట్టాను. దాని ట్రంకుపెట్టె గడియ ఎప్పుడో ఊడింది. కొత్త తాడు కొనడం దండగని, ఆ పలుపే పెట్టె చుట్టూ బిగించి కట్టాను.

“పరీక్ష అవగానే పలుపు తిరిగి తీసుకురా. పోగొట్టావంటే ఊరుకోను.”

“తెస్తాలే,” అని నందిగామ బస్సెక్కింది.